డొంక వెంట మాచర్లకు

డొంక అన్న మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి. "తీగ లాగితే డొంకంతా కదిలింది" అన్నప్పుడు అది పొద. రెండు పొలాల గట్ల నడుమ, చుట్టూ ఉన్న నేల కన్న మూరెడు పల్లంగా, ఎడ్లబండి చక్రాలు చేసిన జంట గాళ్ళతో సాగే దారి కూడా డొంకే. గోదావరి జిల్లాల వారు దీనిని పుంత అంటారు. పల్నాటిలో పుట్టినవాడికి డొంక అనగానే మొదట స్ఫురించేది దారి. ఇప్పుడా దారుల మీద సర్కారు తుమ్మ మొలిచి, చాలా చోట్ల రెండర్థాలూ ఒకటైపోయాయి.

2025 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారం, నేనూ నా మిత్రుడూ నరసరావుపేట నుంచి మాచర్ల దాకా వీలైనంత మేర డొంకల వెంటనే నడిచాము. నకరికల్లు, గుత్తికొండ, కారంపూడి, గురజాల, రెంటచింతల మీదుగా ఆరు రోజులు. అటూ ఇటూగా వంద కిలోమీటర్లు. బస్సులో పొద్దున బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి చేరగలిగే దూరం.

ఈ ఆలోచన నా మిత్రుడిది. అతడు 2001లో ఇంగ్లండు వెళ్ళాడు. ఉత్తర ప్రాంతంలో ఒక పట్టణంలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, సొంత ఇల్లు. ఆ దేశం అతడికి నేర్పినవాటిలో నాకు అసూయ కలిగించినది ఒక్కటే: నడక. ఉదయాన్నే పార్కు చుట్టూ తిరిగే నడక సంగతి నేను చెప్పడం లేదు. వీపున సంచి తగిలించుకొని, ఊరి నుంచి ఊరికి, పొలాల మధ్య నుంచి, గొఱ్ఱెల మంద నడిమి నుంచి రోజుల తరబడి నడవడం అక్కడ సెలవు గడిపే తీరు. 2012 జూన్‌లో నేను వెళ్ళినప్పుడు, పెన్నైన్ మార్గంలో మాలమ్ అనే పల్లె నుంచి హాజ్ అనే చిన్న సంత ఊరి దాకా నన్ను రెండు రోజులు నడిపించాడు. నడుమ పెన్-ఇ-గెంట్ అనే కొండ. ఎత్తు ఏడు వందల మీటర్ల లోపే కాని, ఆ గాలి, ఆ సన్నని వాన మనిషిని వంచేస్తాయి.

ఆ రెండు రోజుల్లో నాకు ఆశ్చర్యం కలిగించినవి రెండు. మొదటిది, అదంతా సున్నపురాతి నేల. మట్టి లేకుండా, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కొండల మీదికి పాకిపోతుంటే, నాపరాతి పలకలు నిలువుగా పాతి దొడ్లకు గోడ కట్టుకునే మా పల్నాడే జ్ఞప్తికి వచ్చింది. రెండవది, ఆ గోడలను దాటే ఏర్పాటు. దారి ఎక్కడ గోడకు తగిలితే అక్కడ పైకెక్కి అవతల దిగడానికి మెట్లు. ప్రక్కన ఒక కొయ్య మీద పసుపు బాణం. ఆ బాణం ఉన్న చోట ఎవరి పొలమైనా సరే, ఎవరైనా నడవవచ్చును. అడగనక్కర లేదు. పొలం దున్నినా, అందులో పైరు వేసినా నిర్ణీతమైన వెడల్పున దారి తిరిగి తీర్చి ఉంచవలసిన బాధ్యత రైతుది. 1990లో దానికి ఒక చట్టమే చేశారు. నడుమెత్తు బార్లీ చేను మధ్య పాపిట తీసినట్లున్న బాట మీద నా మిత్రుడు చేతులూపుకుంటూ పోతుంటే, వెనక నేను దొంగలా నడిచాను. ఎవరో అదిలిస్తారన్న భయం!

ఇదంతా అక్కడి దొరలు దయతలచి ఇచ్చినదేమీ కాదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు ప్రాంతపు పనివాళ్ళు కొన్ని వందల మంది, పక్షుల వేట కోసం భూస్వాములు మూసి ఉంచిన కిండర్ స్కౌట్ అనే గుట్ట మీదికి గుంపుగా ఎక్కారు. ఐదుగురు యువకులను జైలుకు పంపారు. 1949లో చట్టం వచ్చింది. 1965లో పెన్నైన్ మార్గం తెరిచారు. ఇప్పుడు ఇంగ్లండు, వేల్సులలో ఇటువంటి దారులన్నీ కలిపితే రెండు లక్షల కిలోమీటర్ల పైమాటే.

మా వైపు కథ దానికి పదేళ్ళ ముందటిది. అడవిలో పశువులు మేపినందుకు, కట్టెలు తెచ్చుకున్నందుకు పుల్లరి కట్టమంటే పల్నాటి రైతులు కట్టమన్నారు. వారికి ముందు నిలిచిన మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో మరణించాడు. ఆయన విగ్రహాలు ఈనాడు ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి. నడిచే దారుల మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

మిత్రుడికి కారంపూడికీ గురజాలకూ నడుమ ఒక పల్లెలో (ఊరి పేరు చెప్పను) రెండున్నర ఎకరాల పొలం ఉంది. వాళ్ళ నాన్నగారు 2004లో పోయారు. తరువాత రెండేళ్ళు ఒక కౌలుదారు సాగు చేశాడు. 2006లో బోరు ఎండింది. అటుపైన ఆ చేలో ఎవరూ కాలు పెట్టలేదు. ఇప్పుడు అమ్ముదామనుకుంటే, వచ్చిన బేరం చుట్టుప్రక్కల ధరలో సగానికి మించలేదు. కారణం ఒకటే: దారి లేదు. ఊరి నుంచి వచ్చే డొంక గ్రామ పటంలో ఉన్నదే, కాని అది పొలానికి రెండు వందల గజాల ఇవతల మలుపు తిరిగిపోతుంది. ఆ రెండు వందల గజాలూ ప్రక్క పొలం వారి గట్టు మీదుగా తాతల నాటి నుంచి నడిచారు. ఇప్పుడా గట్టు లేదు.

బేరం తెచ్చిన మధ్యవర్తి ఫోనులో ఒక మాట అన్నాడట. "ఇరవయ్యేళ్ళు నడవకపోతే ఉన్న హక్కు కూడా పోద్దంటన్నా." మిత్రుడు అది అతిశయోక్తి అనుకొని వెతికి చూశాడు. నిజమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నది. ఒకరి నేల మీదుగా ఇరవై ఏళ్ళు బహిరంగంగా, తగాదా లేకుండా, హక్కుగా, ఎడతెగక నడిస్తే అది నడిచిన వాడి హక్కు అవుతుంది. అదే విధంగా ఇరవై ఏళ్ళు నడవకపోతే చచ్చిపోతుంది. 2006 నుంచి లెక్క వేసుకోండి.

"ఒరేయ్, నేను వచ్చి నడుస్తాను. నువ్వు కూడా రా. పేట నుంచే మొదలుపెడదాం," అన్నాడు. పొలం దాకా కారులో వెళ్ళి ఆ రెండు వందల గజాలూ నడిస్తే చాలదా అన్నాను. వాళ్ళ నాన్నగారు ప్రత్తి బండి తోలుకొని పేటకు రెండు రాత్రుల ప్రయాణం చేసి వచ్చేవారట. ఆ దారి ఎదురు నడవాలని అతడి కోరిక. పొలం అమ్మినా, ఉంచినా.

నరసరావుపేటకు పాత పేరు అట్లూరు. మల్రాజు నరసారావు పేరిట ఇప్పటి పేరు వచ్చింది. చుట్టుప్రక్కల వారికి అది ఉత్త 'పేట'. ఊరు దాటి అరగంట నడిచి వెనుదిరిగి చూస్తే కోటప్పకొండ నీలంగా కనిపించింది. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలు కనబడతాయని ప్రతీతి. మహాశివరాత్రికి ఊరూరా కట్టిన ప్రభలను కొండ దగ్గరకు తెస్తారు. మిద్దెలను మించిన ఎత్తు గల ఆ ప్రభలు ఒకప్పుడు డొంకల మీదే ఊగుతూ వచ్చేవి. కరెంటు తీగలు, తారు రోడ్లు వచ్చాక వాటికీ దారి చిక్కు వచ్చింది.

మొదటి రోజంతా ఒకే ప్రశ్నకు జవాబులు చెప్పాము. కల్లంలో మిరపకాయలు ఎండబోస్తున్న ఒక ముసలాయన ఆపాడు.

"ఏ ఊరయ్యా మనది?"

"పేట నుంచి వస్తున్నాం తాతా. మాచర్ల పోతున్నాం."

"నడుచుకుంటానా?"

"అవును."

"బస్సులు తిరగట్లేదా ఏంది ఇయ్యాళ?"

తిరుగుతున్నాయన్నాం.

"అయితే మొక్కుబడా?"

మొక్కేమీ లేదు, ఊరకనే అన్నాడు నా మిత్రుడు. ముసలాయన మా బూట్ల వంకా, సంచుల వంకా చూసి, కాయలు నెరపడం ఆపి, కాసేపటికి, "ఏ పార్టీ?" అన్నాడు. 2003 నాటి చేవెళ్ళ–ఇచ్ఛాపురం యాత్ర తరువాత తెలుగు నేల మీద సుదీర్ఘమైన నడకకు ఓట్లతో పెళ్ళయిపోయింది కదా. రెండు కారణాలూ కాకపోతే మిగిలింది మూడవది, డబ్బుల్లేకపోవడం. ఆ బూట్లు చూస్తే అదీ నమ్మేటట్లు లేదు. ఒకప్పుడైతే నాలుగో అనుమానం కూడా ఉండేది. నక్సలైట్ల కాలంలో ఈ డొంకల మీద కొత్త మనిషి కనబడితే అటువాళ్ళూ ఇటువాళ్ళూ కూడా ఆరా తీసేవారు. నా చిన్నతనంలో పొద్దుగూకాక డొంకన పోవద్దని పెద్దలు చెప్పింది దయ్యాల కోసం మాత్రమే కాదు.

మధ్యాహ్నానికల్లా మిత్రుడు సులువు కనిపెట్టాడు. "మాచర్ల చెన్నకేశవ స్వామికి మొక్కు పెదనాన్నా," అనసాగాడు. ఆ ఒక్క మాటతో అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. మజ్జిగ వచ్చింది. నులక మంచం వాల్చారు. ఒక ఇల్లాలు జొన్నరొట్టెలోకి గోంగూర పెట్టి, మాచర్లలో తన పేరున కూడా ఒక కొబ్బరికాయ కొట్టమని పది రూపాయలిచ్చింది. అతడు ఆ నోటు మడిచి కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నాడు. ఇంగ్లండులో ఎవరూ ఏమీ అడగరు, ఎవరూ ఏమీ పెట్టరు, అన్నాడు నడుస్తూ. దారి నీదైనప్పుడు నీ కథ ఎవరికి కావాలి?

నకరికల్లు దగ్గర అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి దాటడానికి పది నిమిషాలు పట్టింది. సిమెంటు లారీలు ఒకదాని వెనుక ఒకటి. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. రెండవ రోజు మొదటి సగం సాగర్ నీళ్ళ మేజరు కాలువ కట్ట మీద హాయిగా సాగింది. కట్ట మీద నడకకు అడ్డు లేదు. గాలి ఉంది, అక్కడక్కడ పాలపిట్టలు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. కుడి కాలువకు ఆయన పేరే పెట్టారు. ఈ నీళ్ళు రాకముందు ఇది జొన్న, సజ్జ పండే మెట్ట నేల. వరి అన్నం దొరకదని శ్రీనాథుడంతటి వాడు ఈ సీమను ఎగతాళి చేస్తూ చాటువులు చెప్పాడంటారు. మా వాళ్ళకు ఆయన మీద ఆ కోపం ఇంకా పోలేదు, పల్నాటి వీరచరిత్ర వ్రాసి తీర్చుకున్నాడు కాబట్టి ఊరుకున్నాము.

రెండవ సగంలో కాలువ కట్ట వదిలి డొంకలోకి దిగితే తెలిసింది అసలు సంగతి. ఫర్లాంగు దూరం బ్రహ్మాండమైన దారి. ఇరువైపులా వేపలు, నల్లతుమ్మలు. తరువాత అకస్మాత్తుగా సర్కారు తుమ్మ. కంప తప్పించుకొని ప్రక్క ప్రత్తి చేలోకి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి. ఒక చోట డొంక సగానికి సగం కోసి చేలో కలుపుకున్నారు. మరొక చోట మొత్తంగా కలిపేశారు. ముప్ఫై అడుగుల దారి ఉండిన చోట మిరప సాళ్ళు. పటంలో పోరంబోకు, నేల మీద పంట. ట్రాక్టరు వచ్చాక బండి పోయింది, మోటారు సైకిలు వచ్చాక కాలినడక పోయింది. వాడనిదాన్ని కలుపుకోవడం తప్పని ఎవరికీ అనిపించడం లేదు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో కొలతలు వేశారని ఒక రైతు చెప్పాడు. డొంక సంగతి? "డొంకనెవరు కొలవమంటారండీ? ఎవుడి చేను వాడు కొలిపించుకుంటాడు గాని."

గుత్తికొండలో పడుకున్నాము. అక్కడి బిలం ప్రసిద్ధమే. లోపల చీకటి, నీళ్ళు, గబ్బిలాల వాసన. పల్నాటి యుద్ధమయ్యాక బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్ళిపోయాడని చెబుతారు. 1911లో పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చు వేయించిన అక్కిరాజు ఉమాకాంతం గారిది కూడా ఈ ఊరే. కథ ముగిసిన ఊరి నుంచే కథను వెలికితీసినవాడూ వచ్చాడన్నమాట. ఆ మాట మిత్రుడికి చెప్పబోతే అప్పటికే గుర్రు పెడుతున్నాడు.

కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి. పల్నాటి యుద్ధం 1182 ప్రాంతపు మాట. ఈ ఎనిమిది వందల ఏళ్ళ పైచిలుకు వీరారాధన మాత్రం ఆగలేదంటారు. కార్తీక అమావాస్య నాడు మొదలై ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరాచారవంతులు తమ పూర్వుల ఆయుధాలను, కొణతాలంటారు, తెచ్చి నాగులేట స్నానం చేయిస్తారు. మేము వెళ్ళిన జనవరిలో గుడి దగ్గర ఇద్దరు పిల్లలు తప్ప ఎవరూ లేరు. మందపోరు నాడు అన్ని కులాల వారినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు తింటారు. ఆలోచిస్తే, సంవత్సరానికి ఒకమారు తినకపోతే ఆ చాపకూడు కూడా ఏనాడో కథగా మిగిలేది.

నాలుగవ రోజు ఉదయం పదిన్నరకు మిత్రుడి పొలం దగ్గరకు చేరాం.

డొంక బాగానే ఉంది. మలుపు దగ్గర ఒక చింతచెట్టు. దాని క్రింద నుంచి ఎడమకు తిరగాలి. తిరిగాము. ఎదురుగా మిరప తోట. కాయ ఎర్రబారి కొమ్మలు వంగి ఉన్నాయి. ఒక కోత అయి, రెండవ కోతకు సిద్ధంగా ఉన్న చేను. తోట అవతల సర్కారు తుమ్మ కంప నల్లగా, దానిలో నుంచి ఒక వేపచెట్టు తల. "నాన్న సద్ది తిన్న చెట్టు," అన్నాడు.

పాత గట్టు జాడ లేదు. వేపచెట్టుకు గురి చూసి తిన్నగా నడిస్తే నడవవచ్చు, మొక్కలు తొక్కాలి. మాలమ్‌లో బార్లీ చేను నడుమ చేతులూపుకుంటూ పోయిన మనిషి ఇక్కడ చింతచెట్టు క్రింద నిలబడిపోయాడు. నాకూ అడుగు పడలేదు. ఎకరం మిరపకు లక్ష దాటి పెట్టుబడి పెట్టే సీమ ఇది. పైగా ఆ ఏడు ధర పడిపోతూ ఉండింది. అప్పటికి మూడు రోజులుగా దారిలో కనబడిన ప్రతి రైతు నోటా అదే మాట. చట్టం కోసమని అటువంటి చేలో కాయ బరువుతో ఉన్న మొక్కలను తొక్కాలి!

అరవై దాటిన ఒకామె తోటలో నుంచి తలెత్తింది.

"ఎవురయ్యా?"

అతడు తండ్రి పేరు చెప్పాడు. ఆమె నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది. "లండనబ్బాయివా? ఎంతవాడివయ్యావ్! తల నెరిసిందే!" ఆ తరువాత వరుసగా అమ్మ గురించి, పిల్లల గురించి, అక్కడి చలి గురించి. అతడు "అత్తా" అనే పిలిచాడు. చివరికి, పొలం చూద్దామని వచ్చానన్నాడు.

"రా. తొక్కమాక నాయనా, కాయ మీదుంది. ఇట్టా ఈ సాలెంబడి రాండి."

ఆమె ముందు, మేము వెనక. అడ్డంగా ఉన్న కొమ్మలను ఆమె చేత్తో ఎత్తి పట్టుకుంటూ పోయింది. రెండు వందల గజాలకు ఐదారు నిమిషాలు పట్టింది. ఆమె దాచలేదు కూడా. "నడిచేవోళ్ళు లేరు గదాని మేమే గట్టు తీసేసి నాలుగు సాళ్ళు వేసుకున్నాం. మీ నాయన ఉంటే ఊరుకునేవోడా!" అని నవ్వింది. అమ్మేస్తున్నావంట గదా అని అడిగింది. తామే కొందామనుకున్నారట, ఈ ఏడు మిరప ముంచేటట్లుంది, లేకపోతే అన్నది. ఆ సగం బేరం పెట్టింది వాళ్ళ తాలూకు మనిషేనా అన్న అనుమానం నాకు కలిగింది. మిత్రుడి ముఖంలో అది కనిపించలేదు, లేదా కనపడనీయలేదు.

చేలోకి దిగడానికి వీలు లేకుండా కంప. వేపచెట్టు దాకా కూడా పోలేకపోయాం. అంచున నిలబడి చూశాడు. పావుగంట సేపు. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మళ్ళీ వస్తే ఇట్టాగే రావచ్చా అత్తా?"

"వస్తే రా. నిన్నెవురొద్దన్నారు?"

ఆ రాత్రి గురజాలలో, తెలిసినవారి ద్వారా ఒక ప్లీడరు గారి ఇంటికి వెళ్ళాము. ఆయన అంతా విని, కాఫీ తాగి, "ఆమె రమ్మంటే వెళ్ళారా, మీరే వెళ్ళారా?" అని అడిగారు. రమ్మంటేనే వెళ్ళామన్నాం. "అయితే అది లెక్కలోకి రాదు. అనుమతితో నడిస్తే అది ఆవిడ మర్యాద. హక్కుగా నడిస్తేనే హక్కు. మీరు అడక్కుండా పోవాలి. ఆవిడ వద్దన్నా పోవాలి."

బయటకు వచ్చాక మిత్రుడు చాలాసేపు నవ్వాడు. ఆమె గనుక కఱ్ఱ పుచ్చుకొని తరిమి ఉంటే కేసు బలంగా ఉండేది. నీళ్ళచెంబు తెచ్చి అంతా పాడు చేసింది.

గురజాల నుంచి రెంటచింతల దగ్గరే. ఎండలకు పేరు మోసిన ఊరు. వేసవిలో కోస్తా అంతటికీ ఎక్కువ ఎండ ఇక్కడే అని ఏటా పత్రికలు వ్రాస్తుంటాయి. జనవరిలో మాత్రం తెల్లవారుజామున చలికి తువ్వాలు తలకు చుట్టుకొని బయలుదేరాము. ఆ భాగం దాదాపుగా తారు రోడ్డే, చెప్పుకోవలసింది లేదు. మిత్రుడు మాట్లాడటం తగ్గించాడు. ఇంగ్లండులో నడిచేటప్పుడు అతడు గంటల తరబడి మాట్లాడకుండా ఉంటే నాకు తోచేది కాదు. ఈ నాలుగైదు రోజుల్లో నాకూ అలవాటైంది. ఫోనులో ఇరవై ఏళ్ళుగా వారం వారం మాట్లాడుకుంటున్నాం. ఏం మాట్లాడామో ఒక్కటీ గుర్తులేదు. ఆ రోజు రెంటచింతల దాటాక రోడ్డు ప్రక్కన కూర్చొని బూట్లలో రాళ్ళు దులుపుకుంటూ అతడన్నది గుర్తుంది. "మా పిల్లలకు అక్కడి దారులన్నీ తెలుసురా. ఏ గోడకు ఎక్కడ మెట్లుంటాయో చెబుతారు. ఈ పొలం ఏ దిక్కున ఉందో వాళ్ళకు తెలియదు. అమ్మితే వాళ్ళకు పోయేది ఏమీ లేదు." కాసేపాగి, "పోయేది నాకే కాబట్టి, నేనే ఆలోచించుకోవాలి," అన్నాడు.

మాచర్లలో చంద్రవంక దగ్గరకు చేరేటప్పటికి సాయంత్రం నాలుగు. ఇదే ఏరు ఇక్కడి నుంచి పోయి ఎత్తిపోతల దగ్గర డెబ్బై అడుగులు దూకుతుంది. చెన్నకేశవ స్వామి ఆలయంలో స్తంభాల నీడన కూర్చుంటే కాళ్ళు కదలనన్నాయి. బ్రహ్మనాయుడు కొలిచిన దేవుడు. అర్చకుడు గోత్రనామాలు అడిగి, ఎక్కడి నుంచి వచ్చారన్నారు. పేట నుంచి నడిచి వచ్చామంటే, ఏం మొక్కు అన్నారు. నా మిత్రుడు ఏదో చెప్పబోయి ఆగి, కళ్ళజోడు పెట్టెలో నుంచి ఆ పది రూపాయల నోటు తీశాడు. దానికి తన డబ్బు కలిపి రెండు కొబ్బరికాయలు కొనుక్కొచ్చాడు. ఒకటి ఆ ఇల్లాలి పేరున కొట్టించాడు. పేరు అడగలేదు, ఊరి పేరు చెప్పాడు. రెండవది ఎవరి పేరనో నేనడగలేదు.

మరునాడు రైలులో గుంటూరు వైపు వస్తుంటే, ఆరు రోజులు నడిచిన నేల అంతా కిటికీలో నుంచి పూటలో వెనక్కి పోయింది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల పొగ దాటాక, బేరం ప్రస్తుతానికి వద్దని మధ్యవర్తికి ఫోను చేశాడు. తరువాత నా వంక తిరిగాడు.

"ఒరేయ్, నేను మళ్ళీ వచ్చేదాకా నువ్వు ఒకటి రెండు సార్లు పోయి నడిచి రా. ఆమెను అడగకు. ఊరికే నడువు."

నేను నడిస్తే అది నీ నడక అవుతుందా అని అడిగాను. ప్లీడరు గారిని అడుగుతానన్నాడు. అడిగాడో లేదో తెలియదు.

జూన్ నెలాఖరులో నేను వెళ్ళాను. తొలకరి పడి, మిరప నారు ఇంకా నాటలేదు. నేలంతా దున్ని ఉంది. ఏది గట్టో, ఏది చేనో తెలియదు. చింతచెట్టు క్రింద చెప్పులు దులుపుకొని, వేపచెట్టుకు గురి చూసుకొని నడవడం మొదలుపెట్టాను. మెత్తటి నేల, చీలమండ దాకా దిగబడింది. సగం దూరం పోయేసరికి అవతలి గట్టు మీద నుంచి ఒక కుఱ్ఱవాడు కేకేశాడు. ఆమె మనుమడు కావచ్చు.

"ఎవురది?"

"దారిన పోయేవాణ్ణి అబ్బాయా!"

అతడు కాసేపు చూశాడు. "అక్కడ దారేడుందీ?" అన్నాడు. కోపంగా ఏమీ కాదు, తెలియక అడిగాడు.

నేను చేయి ఊపి, కంప అంచు దాకా నడిచి, అక్కడ కాసేపు నిలబడి, నా అడుగుల గుంటల వెంటనే వెనక్కి వచ్చాను.